నాలుగు మూలల పసుపు

కథల పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మని ఎవరు పిలిచినా నేను ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటాను. మోకాళ్ళ నొప్పులంటాను, కంటి ఆపరేషన్ అంటాను. ఆ ఆపరేషన్ అయి చాలా కాలమైందని అవతలివాళ్ళకేం తెలుసు? అసలు సంగతి ఏమిటంటే, ఒకరి కథను పక్కన పెట్టి ఇంకొకరి కథను పైకెత్తడం నా వల్ల కాదు. ఈసారి పిలుపు ఆర్మూరు నుంచి వచ్చింది. పిలిచిన అమ్మాయి పేరు రజిత, అక్కడి డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది. "మేడం, మీరు మా ఊరి ఆడబిడ్డ. మీరే రాకుంటె ఇంకెవలొస్తరు?" అని ఫోన్లో అనేసరికి నా వంకలన్నీ ఎటు పోయాయో పోయాయి. పుట్టింటివాళ్ళు పిలిస్తే కొంగు దులుపుకొని లేచే బుద్ధి ఈ వయసులో కూడా పోలేదు నాకు. పొద్దున్నే నిజామాబాదులో బస్సెక్కి కూర్చున్నాను.

కొత్తగా రాసేవాళ్ళకు రెండు రోజుల శిక్షణ, దాంతోపాటే కథల పోటీ. ఒక ఫంక్షన్ హాల్ మాట్లాడారు. గుమ్మం మీద ఫ్లెక్సీ కట్టారు, అందులో నా ఫోటో జుట్టు నల్లగా ఉన్నప్పటిది. నందిపేట్ నుంచి, మోర్తాడ్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ళనుంచి పిల్లలు షేర్ ఆటోల్లో వచ్చి దిగుతున్నారు. ఎవరి మెడలో వాళ్ళకు పేరు రాసిన కార్డు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక యువకుడు తెర మీద బొమ్మలు వేసి, మొదటి వాక్యంతోనే పాఠకుణ్ణి ఎట్లా పట్టుకోవాలో చెబుతున్నాడు. పాఠకుడేమన్నా కోడిపిల్లా పట్టుకోవడానికి, అనుకున్నాను. నోరు మాత్రం విప్పలేదు, ఎందుకంటే పిల్లలు శ్రద్ధగా రాసుకుంటున్నారు, చూడటానికి ముచ్చటగా ఉంది. పోటీలో గెలిచినవాళ్ళకు హైదరాబాదులో నెల రోజుల కథల కోర్సులో ఉచితంగా సీటు ఇస్తారట, ఉండటానికి, తినటానికి కూడా అక్కడే. ఆ మాట నేను రజితతో రెండోసారి చెప్పించుకొని విన్నాను. అదెందుకో కాసేపట్లో చెబుతాను.

వేదిక వెనుక గదిలో నన్ను కూర్చోబెట్టి, రజిత కథల కట్ట తెచ్చి ముందు పెట్టింది. ఈ రోజుల్లో ఫోన్లే కథలు రాసి పెడుతున్నాయట, అందుకని చేతిరాత ఉండాల్సిందేనని నియమం పెట్టారు. పేర్లు వేరే కవర్లలో ఉన్నాయి. కథల మీద అంకెలు తప్ప ఏమీ లేవు. నియమాల కాగితం కూడా పైనే ఉంది: రాసినవారి పేరు గానీ, ఊరు గానీ, రచయితను గుర్తుపట్టగల ఎలాంటి గుర్తు గానీ ఉండరాదు. ఆ వాక్యం చదివి నవ్వుకున్నాను. నా చిన్నతనంలో కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే వాక్యం. పోటీలు పెట్టేవాళ్ళు మారతారు, నియమాలు మాత్రం ఒకరిది చూసి ఒకరు దింపుకుంటారు.

కట్టలోంచి ఒక కథను రజిత విడిగా తీసి నా చేతికిచ్చింది. "మేడం, దీన్నేం చేద్దాం? రిజెక్ట్ చేసుడేనా?" అంది. చూద్దును కదా, కాగితాల నాలుగు మూలలకూ పసుపు. శుభలేఖకు పెట్టినట్టు, వేలితో అద్దిన బొట్లు. తడిపిన పసుపు ఆరి, కాగితం అక్కడక్కడ కొద్దిగా ముడుచుకుంది. నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రజిత నన్ను వింతగా చూసింది. "పోయినేడు మస్తు లొల్లి అయింది మేడం," అంది. "ఎవలో గుర్తు పెట్టి పంపించిన్రు, సొంతోళ్ళకే ప్రైజ్ ఇచ్చుకున్నరని అందరు మా మీద పడ్డరు. గందుకే గీసారి గట్టిగ రూల్ పెట్టినం. కథ ఎట్లున్నదో ఇంక చదువలే, గని..." అని ఆగింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. తన మీద మాట రాకూడదని తన తిప్పలు తనవి. "జర ఆగు బిడ్డా. తిన్నంక చెప్త," అన్నాను. అని ఆ కాగితాలు చదవకుండానే ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. రజిత బయటికి వెళ్ళిపోయింది. నేను కూడా అక్కడ లేను.

ఆర్మూరు బజారులో ఒక పసుపు వ్యాపారి గోదాము ఉండేది. కింద బస్తాలు, పైన ఒక గది. ఆ గదిలో ఆదివారం ఆదివారం విఠల్ సార్ కథలు రాయడం నేర్పేవారు. సార్ హైస్కూల్లో తెలుగు పంతులుగా చేసి దిగిపోయిన మనిషి. వ్యాపారి ఆయన పాత శిష్యుడు కాబట్టి గది ఊరికే ఇచ్చాడు. కోర్సు అనే మాట మేమెవరం ఎరగం, "సార్ దగ్గరికి పోతున్నం" అనేవాళ్ళం. మహా అయితే ఐదారుగురం, ఆడపిల్లను నేనొక్కదాన్నే. చాప మీద కూర్చుంటే కిందినుంచి పసుపు దుమ్ము పలకల సందుల్లోంచి లేచి వచ్చేది. ఎవరు కథ చదువుతున్నా మధ్యలో ఎవరో ఒకరు తుమ్మేవారు. పసుపు కొమ్ములు పాలిష్ చేసే డ్రమ్ము కింద తిరుగుతూంటే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అప్పుడు సార్ చెయ్యెత్తి ఆపేవారు. డ్రమ్ము ఆగేదాకా అందరం నోరు మూసుకొని, చదవబోయే వాక్యాన్ని పట్టుకొని కూర్చునేవాళ్ళం. అంతసేపు పట్టుకొని కూర్చుంటే ఆ వాక్యం మనకే నచ్చకుండా పోయేది. చాలాసార్లు డ్రమ్ము ఆగేలోపే నేను వాక్యం కొట్టేసేదాన్ని.

సార్‌కు పోలికలంటే ఒళ్ళు మంట. బీడీల కంపెనీలో గుమాస్తాగా చేసే నర్సింలు అని ఒకాయన మాతోపాటు వచ్చేవాడు. ఒకసారి ఆయన గొంతు సవరించుకొని, "సార్, నాకొకటి సమజైంది. పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ చేసినట్టే కథను గూడ..." అని మొదలుపెట్టాడు. సార్ కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుస్తూ, "నర్సింలూ, పసుపు పసుపే, కథ కథే. ఇంకేమన్న ఉంటె చెప్పు," అన్నారు. పాపం నర్సింలు ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. నేనైతే ఇప్పటికీ ఎక్కడైనా పోలిక రాయబోతే ఆ కళ్ళజోడు తుడిచే చెయ్యి కనపడుతుంది.

సార్ ఇచ్చే పని ఒకటే. వారమంతా ఇంట్లో చూసింది, చూసినట్టు రాసుకొని రమ్మనేవారు. మా ఇంట్లో చూడటానికి ఏముంటుంది, ఏడాదిలో సగం పసుపు గొడవే. బాపు ఎర్ర జొన్న కూడా వేసేవాడు గానీ ఇల్లు నడిచేది పసుపు మీద. చలి తగ్గేవేళకు పసుపు తవ్వకాలు మొదలయ్యేవి. కల్లంలో పెద్ద కడాయి పెట్టి, ఎండిన పసుపాకు ఎగదోస్తూ కొమ్ములు ఉడకబెట్టేవాళ్ళు. పైన ఆకులు కప్పి, గోనెసంచి కప్పేవాళ్ళు. ఆవిరి పైకి లేచినప్పుడు వచ్చే వాసన నాకు ఏ అత్తరూ ఇవ్వలేదు. పచ్చివాసన, మట్టివాసన, కొంచెం ఘాటు, కొంచెం కమ్మన. అది బట్టల్లో, తలలో, అన్నంలో కూడా ఉండేది. ఉడికిందో లేదో అమ్మ పుల్లతో గుచ్చి చూసేది. ఆమె చేతులు పండక్కీ పబ్బానికీ ఒకటే రంగు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో పసుపు పోయేది కాదు. దవాఖానలో డాక్టరమ్మ ఒకసారి ఆ చేతులు చూసి కామెర్లేమో అని కళ్ళు కూడా లాగి చూసింది. ఆ సంగతి అమ్మ ఊరంతా చెప్పుకొని నవ్వింది.

అమ్మకు ఒక అలవాటు. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా, ఇంట్లోంచి ఏది మంచిపనికి బయటికి వెళ్ళినా, దానికి పసుపు పెట్టాల్సిందే. కొత్త చీర కొసకు పెట్టేది, కొత్త చేటకు పెట్టేది, మా బడి పుస్తకాలకు పెట్టేది. శుభలేఖలకు అందరూ పెడతారు, అది వింత కాదు. మా చిన్నమామ దుబాయి పోయేటప్పుడు ఆయన పాస్‌పోర్టు కూడా అడిగి తీసుకొని నాలుగు మూలలకూ పసుపు అద్దింది. మామ లబోదిబోమన్నాడు. "అక్కా, బొంబయిల ఆపుతరే నన్ను!" అని నెత్తి పట్టుకున్నాడు. ఎవరూ ఆపలేదు. పోయాడు, పనిచేశాడు, సెలవుకు వచ్చి అమ్మకు ఒక గొంగడంత మందపు దుప్పటి కూడా తెచ్చాడు. దాంతో అమ్మకు పసుపు మీద ఉన్న నమ్మకం ఇంకో మెట్టు పైకెక్కింది. దేనికైనా అడ్డం చెబితే, "మీ మామ పాస్‌పోర్టుకు పెడితె ఎవ్వలేమనలే," అనేది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం సార్ పేపరు ముక్క తెచ్చి చదివారు. హైదరాబాదులో ఏదో సాహిత్య సంస్థ కొత్త రచయితలకు పది రోజుల శిక్షణ పెడుతోంది. జిల్లాల నుంచి కథలు పంపాలి, ఎంపికైనవాళ్ళకే సీటు. పెద్ద పెద్ద రచయితలు వచ్చి పాఠాలు చెబుతారు, గ్రంథాలయాలు చూపిస్తారు. వయసు పరిమితి కూడా ఉంది, నాకు అదే ఆఖరు ఏడాది. మా ఇంట్లో అప్పటికే పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, కాబట్టి వయసు పరిమితి లేకపోయినా నాకు అదే ఆఖరు ఏడాది. నాకు ఆ సీటు కావాలి. జీవితంలో అంతగా నేను దేన్నీ కోరుకోలేదు, ఆ తర్వాత కూడా. నేను రాసేదాన్నని నాకు తెలుసు గానీ నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరి బయట కథ సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా "ఔను, ఈ పిల్ల రాస్తుంది" అంటే చాలు, ఆ మాట పట్టుకొని బతికేస్తాను అనిపించింది.

బాపు ససేమిరా అన్నాడు. "ఆడిపిల్ల ఒక్కతి పట్నంల పది రోజులా? కతలు నేర్చుకొని ఏం చేస్తది?" అని గోడకు చేరగిలబడ్డాడు. గోడకు చేరగిలబడ్డాడంటే ఇక మాట అయిపోయిందని అర్థం. అమ్మ మాత్రం వదల్లేదు. కడాయి దగ్గర, అన్నం దగ్గర, పశువుల కొట్టం దగ్గర, ఎక్కడ కనపడితే అక్కడ అదే పాట. "నీ కొడుకు మాలేగాఁవ్ పోయి లుంగీలు కొనుక్కొస్తె ఏమనవు. నా బిడ్డ పోయి నాలుగు మాటలు నేర్చుకొనొస్తె ఏం పోతది?" అని మా అన్నను ఎత్తిచూపేది. చెవిలో ఇల్లు కట్టుకొని పోరింది మా అమ్మ. చివరికి బాపు, "గా విఠల్ సార్ ఎంబడి ఉండి దించొస్తనంటే పోనీ," అన్నాడు. ఆ రోజు అమ్మ నా కంటే ఎక్కువ సంతోషపడింది. తనకు అక్షరం ముక్క రాదు, పట్నం ఎట్లా ఉంటుందో తెలియదు. అయినా పది రోజులకు నాకు ఏ చీరలు పెట్టాలో ఆ పూటే తీసి పక్కన పెట్టింది.

కథ రాశాను. తోడికోడళ్ళిద్దరు మాట్లాడుకోరు. పెద్దామె కల్లంలో పసుపు ఆరబోసి సంతకు పోతే మబ్బు పడుతుంది. చిన్నామె తన పసుపు వదిలేసి ముందు పెద్దామెదాని మీద తాటిపత్రి పట్టా కప్పుతుంది. అంతే కథ. ఉడకబెట్టే చోట కూర్చొని అమ్మకు చదివి వినిపించేదాన్ని. ఆమె మంట ఎగదోస్తూ వినేది. "అగో, గా చిన్నామె గట్లనదే. కోపంల ఉన్నది గద, నోరు తెరువదు. కప్పి పోతది," అంది ఒకచోట. మాట తీసేశాను. ఇంకోసారి చదివితే, "గిప్పుడు మంచిగున్నది," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పొగకేమో అనుకుందామంటే గాలి అటువైపు లేదు. సార్ కూడా ఒక్క గీత మాత్రమే కొట్టి, "పంపు," అన్నారు. పంపేటప్పుడు పాటించాల్సిన నియమాలన్నీ వేళ్ళు మడిచి చెప్పారు. పేరుండొద్దు, ఊరుండొద్దు, గుర్తుండొద్దు.

అన్నీ సరిగ్గానే చేశాను. పేరు వేరే కవర్లో పెట్టాను. కథ మడిచి పెద్ద కవర్లో పెట్టి, తిరుగు కవరు కూడా జత చేసి, అంటించడానికి అన్నం మెతుకులు తెమ్మని అమ్మతో చెప్పి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి కవరు అంటించి సిద్ధంగా ఉంది. అమ్మ ముఖం కడిగి, బొట్టు పెట్టుకొని, ఎవరినో పెళ్ళికి సాగనంపుతున్నట్టు గడపలో నిలబడి ఉంది. నేను కవరు తీసుకొని పోస్టుడబ్బాలో వేసి వచ్చాను. అందులో ఏం జరిగిందో నాకు తెలియదు.

తర్వాత ఎదురుచూపులు. పసుపు ఎండింది, పాలిష్ అయింది, బస్తాలకెత్తి నిజామాబాదు యార్డుకు పోయింది. పోస్టుమాన్ సైకిలు గంట వినపడితే అమ్మే ముందు వాకిట్లోకి ఉరికేది. ఒక మధ్యాహ్నం నా తిరుగు కవరు వచ్చింది. లావుగా ఉంది, అంటే కథ తిరిగి వచ్చినట్టే. విప్పితే కథ, పైన ఒక చిన్న చీటీ. "కాగితాలపై గుర్తులు ఉన్నందున ఈ రచన పరిశీలనకు తీసుకోబడలేదు." గుర్తులేమిటి అని కాగితాలు తిప్పాను. నాలుగు మూలలకూ పసుపు. అమ్మ నా భుజం మీదినుంచి తొంగి చూసి, ముఖం ఇంత చేసుకొని, "చూసినవా బిడ్డా, నేను పెట్టిన పసుపు గట్లనే ఉన్నది. ఎంత పైలంగ దాచిన్రో!" అంది.

నేను ఆమెను చూశాను. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. దాచడం నాకు చేతకాలేదు, దాచినా ఆమె ఊరుకునే మనిషి కాదు. చీటీ చదివి, దానర్థం చెప్పాను. చదవనే లేదట, పసుపు ఉందని పక్కన పెట్టేశారట, అన్నాను. అమ్మ ముఖం చూసి మాట మధ్యలోనే ఆపేద్దామనుకున్నాను గానీ అప్పటికే అయిపోయింది. ఆమె మూలల మీది పసుపును వేలితో తడిమింది. తర్వాత అడిగింది. "పసుపు గుర్తెట్లయితది బిడ్డా? పసుపు లేని ఇల్లుంటదా? పిల్లలు గంత పెద్ద పనికి పోతున్నరంటె అందరి అమ్మలు పెట్టే ఉంటరనుకున్న. అందరు పెట్టినంక గుర్తేడిది?" కోప్పడుతూ అడగలేదు. నిజంగా అర్థంకాక అడిగింది.

సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన చీటీ చూశారు, మూలలు చూశారు, ముందు నన్నే తిట్టారు. "అంటించేముంగట ఒక్కసారి చూసుకోవద్దా?" అన్నారు. తర్వాత నర్సింలును పంపి చాయ్ తెప్పించారు. నేను ఏడుస్తూంటే ఆయన చాయ్ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగారు. వాళ్ళకు రాస్తానన్నారు, రాశారు కూడా. నియమం నియమమే అని జవాబొచ్చింది. ఆ రోజు నాతో, "గాళ్ళననుకొని లాభం లేదు. మీ అమ్మను ఒక్క మాట అన్నవంటె మాత్రం నా గది మెట్లెక్కకు," అన్నారు. నేను లేచి వస్తూంటే వెనకనుంచి, "వచ్చే ఆదివారం కొత్తది తే," అన్నారు. తీసుకువెళ్ళాను. పెళ్ళయి ఆర్మూరు విడిచేదాకా ప్రతి ఆదివారం ఏదో ఒకటి తీసుకువెళ్ళాను. ఆ పది రోజుల పట్నం కోర్సు మాత్రం నాకు రాసిపెట్టి లేదు. నేను ఏ కోర్సూ చదవలేదు. నా పేరు పక్కన చెప్పుకోవడానికి పసుపు గోదాము మీది గది తప్ప ఏమీ లేదు.

అమ్మ ఆ తర్వాత నా కాగితాల జోలికి రాలేదు. నేను పుట్టింటికి వచ్చి ఏదన్నా రాసుకుంటూంటే దూరంగా కూర్చునేది, కాగితం గాలికి ఎగిరి కాళ్ళ దగ్గర పడినా చేత్తో తీసేది కాదు, నన్ను పిలిచేది. నా మొదటి పుస్తకం అచ్చయినప్పుడు తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకొని తీసుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, వాసన చూసింది. "పసుపు పెట్టమ్మా," అన్నాను. "వద్దు బిడ్డా," అంది. "మల్ల ఏమన్న అయితె?" నేను బతిమాలాను. పుస్తకం అచ్చయిపోయింది, ఇక ఎవరూ ఏమీ చేయలేరని చెప్పాను. వినలేదు. పాస్‌పోర్టుకు కూడా భయపడని మనిషి, నా పుస్తకానికి భయపడింది. ఆమె పోయేదాకా నా ఏ పుస్తకం మీదా ఆమె వేలిముద్ర పడలేదు. నాకు వచ్చిన బహుమతుల సంగతి అడిగితే సరిగ్గా గుర్తులేదు గానీ, ఈ బాధ మాత్రం నిన్నటిదిలా ఉంది.

ఫంక్షన్ హాల్లో భోజనాల గంట కొట్టారు. కిటికీలోంచి చూస్తే పిల్లలు ప్లేట్లు పట్టుకొని వరుసలో నిలబడ్డారు. వాళ్ళకు ఎన్ని సదుపాయాలో ఇప్పుడు. ఫోన్లో పాఠాలున్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి, రాసిన పూటే చదివి చప్పట్ల బొమ్మ పెట్టే స్నేహితులున్నారు, రెండు రోజులు కూర్చుంటే చేతికి సర్టిఫికెట్ వస్తుంది. ఆడపిల్లలే సగానికి పైగా ఉన్నారు. మోర్తాడ్ నుంచి వచ్చిన ఒకమ్మాయి పొద్దున నాతో, "మా అమ్మ బీడీలు చేస్తది మేడం, బాపు మస్కట్ల ఉంటడు. నేను కథలు రాస్తనంటె ఇద్దరు పో అన్నరు," అంది. బాపు గోడకు చేరగిలబడిన రోజు గుర్తొచ్చి ఆ పిల్లను చూసి సంబరపడ్డాను. కాలం మంచిదే అయింది, కాదనను. పాతదంతా బంగారం అనే ముసలివాళ్ళంటే నాకు విసుగు. ఆ దుమ్ముగదిలో తుమ్ములు తప్ప ఏముందని? కానీ ఎంత మారినా, ఇవాళ పొద్దున ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో ఒకావిడ ముఖం కడుక్కొని, పసుపు తడిపి, నాలుగు మూలలకూ అద్దిందిగా. ఆ కాగితాలు ఇంకా నా ఒళ్ళోనే ఉన్నాయి.

రజిత తిరిగి వచ్చింది. "ఏమనుకున్నరు మేడం?" అంది.

"వంటాయన దగ్గర పసుపుంటె జరంత తీసుకరా. గిన్నెల నీళ్ళు గూడ," అన్నాను.

ఆ పిల్లకు అర్థం కాలేదు, అయినా తెచ్చింది. వంటాయన కూడా వెంట వచ్చాడు, పసుపు అడిగేసరికి ఎవరికి గాయమైందోనని. "గిది పాకెట్‌ది గాదమ్మా, మా ఇంటిదే," అని గర్వంగా చెప్పాడు. గిన్నెలో తడిపాను. కట్టలో పైన ఉన్న మొదటి కథ తీసి, వేలు ముంచి, మూల మీద పెట్టాను. రెండో మూల. మూడో మూల.

"అయ్యో మేడం, ఏం చేస్తున్నరు!" అని రజిత నా చెయ్యి పట్టుకోబోయింది. "రూల్ ఉన్నది గద!"

"రూల్ల ఏమున్నది బిడ్డా? ఫలానా వాళ్ళదని గుర్తుపట్టే గుర్తు ఉండొద్దన్నరు. అందరికి పెట్టినంక గుర్తేడిది?"

రజిత నన్ను చూసింది, గిన్నెను చూసింది. ఫక్కున నవ్వింది. చున్నీ నడుముకు చుట్టుకొని, నా ఎదురుగా కింద కూర్చొని, తనూ ఒక కట్ట తీసుకుంది. వంటాయన ఏమీ అడగకుండా కాగితాలు ఒక్కొక్కటే అందుకొని ఫ్యాన్ కింద కుర్చీల మీద ఆరబెట్టాడు. పొద్దున వచ్చిన ఆ కాగితాల పాత పసుపు మీద కూడా కొత్తది అద్ది, వాటిని మిగతా కథల మధ్యలో కలిపేశాను. అంకె చూడకుండా కళ్ళు పక్కకు తిప్పుకున్నాను. కాసేపటికి అది ఏదో నాకు తెలియదు, రజితకు తెలియదు. గదంతా మా ఇంటి కల్లం వాసన వచ్చింది.

భోజనాలు చేసి పిల్లలు తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు. కుర్చీల నిండా పసుపు మూలల కాగితాలు చూసి గుసగుసలాడుకుంటున్నారు. వాళ్ళలో ఒకరి ముఖం వెలిగే ఉంటుంది. చూస్తే తెలిసిపోతుందని నేను తల ఎత్తలేదు. వంచిన తలతో నా చేతులే చూసుకుంటూ కూర్చున్నాను. గోళ్ళ సందుల్లో పసుపు దిగింది.

"అమ్మా, ఇగో, అందరు పెట్టిండ్రు," అనుకున్నాను.